చైను దిగింది, తప్పెవరిది?

నిరుడు సార్వా కోతల్లో ఒక కోత మిషనుకి ఎడమ చైను నాలుగు రోజుల్లో మూడుసార్లు దిగింది. మొదటిసారి అత్తిలి అవతల బురద చేలో. రెండోసారి గట్టు దాటుతుంటే. మూడోసారి పొడి పుంతలో, లారీ ఎక్కించబోతుంటే. మూడుసార్లూ డ్రైవరు చేసింది ఒకటే పని. జాకీతో లేపడం, గునపాలతో చైను ఎక్కించడం, వెనక టెన్షన్ బోల్టుకి ఇంకో రెండు చుట్లు ఇవ్వడం. నాలుగో రోజు పొద్దుగూకే వేళ ఓనరుగారు ఫోన్ చేశారు. "ఇంకా బిగిద్దామంటే బోల్టులో మర మిగల్లేదండీ."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆ బండి కథలో పెద్ద తప్పు చేసింది డ్రైవరు కాదు, నేను. అక్కడికి వస్తాను.

వెనకటి అధ్యాయాల్లో ఇంజను గురించి, బెల్టుల గురించి, కట్టర్ బార్ గురించి చెప్పుకున్నాం. అవి పాడైతే చప్పుడు చేస్తాయి, పొగ వదులుతాయి, మొరాయిస్తాయి. చైను అలాంటిది కాదు. నెలల తరబడి నూలుపోగంత నూలుపోగంత పక్కకి పాకుతూ ఉండి, సరిగ్గా మబ్బు పట్టి వాన ముంచుకొచ్చే వేళకి దిగుతుంది. ఆ రోజు అందరూ ఆ రోజు కనిపించిన కారణమే చెబుతారు. బురద ఎక్కువైందంటారు, గట్టు ఎత్తుగా ఉందంటారు. అదే బురదలో పక్క బండి కోసుకుంటూ పోతూనే ఉంటుంది.

బండి కింద సంసారం

మన వరి కోత మిషనైనా, పట్నాల్లో కేబుల్ కాలవలు తవ్వే మినీ ఎక్స్‌కవేటరైనా, అమెరికాలో ఇళ్ల చుట్టూ మట్టి ఎత్తే కాంపాక్ట్ ట్రాక్ లోడరైనా కింద ఉండే సంసారం ఒకటే. ఒక కొసన చైనుని లాగే స్ప్రాకెట్, రెండో కొసన చైనుని సాగదీసి పట్టుకునే ఐడ్లర్, మధ్యలో బరువు మోసే రోలర్ల వరస. కోత మిషన్లలో స్ప్రాకెట్ ముందుంటుంది, ఐడ్లర్ వెనక. ఎక్స్‌కవేటర్లలో, లోడర్లలో స్ప్రాకెట్ వెనక.

చైను అని పిలుస్తాం గానీ దాంట్లో లింకులు లేవు. అతుకులేని రబ్బరు పట్టీ అది. లోపల పొడుగునా ఉక్కు తీగల తాళ్లు, అడ్డంగా వరసగా ఇనప దిమ్మలు పోతపోసి ఉంటాయి. దిమ్మల మధ్య ఖాళీల్లోకి స్ప్రాకెట్ దిగి లాగుతుంది. లోపలి వైపు పైకి లేచిన పళ్ల వరసలు ఉంటాయి చూడండి, అవి దారి చూపేవి. రోలర్లు, ఐడ్లర్ ఆ పళ్ల దారిలో ఒరుసుకోకుండా పోవాలి. చైను మీద 400×90×47 లాంటి అంకెలు అచ్చువేసి ఉంటాయి. వెడల్పు 400 మిల్లీమీటర్లు, దిమ్మకీ దిమ్మకీ దూరం 90, దిమ్మలు 47 అని అర్థం. 90ని 47తో హెచ్చిస్తే 4,230 మిల్లీమీటర్లు, అదే చైను చుట్టుకొలత. కొత్త చైను కొనేటప్పుడు కొట్టువాడి మాట కన్నా ఈ మూడు అంకెల మాట నమ్మండి.

స్ప్రాకెట్టు, రోలర్లు, ఐడ్లరు, వీటి నడిమి గీతలన్నీ ఒకే వరసలో ఉండటాన్నే అలైన్‌మెంట్ అంటున్నాం. ఆ వరస ఎక్కడ తప్పిందో పట్టుకోవడమే ఈ అధ్యాయం పని.

బిగువు సంగతి ముందే తేల్చేద్దాం. చైను వదులైతే పళ్లు రోలరు మీదికెక్కి అవతలికి దూకుతాయి, నిజమే. అందుకే బిగించగానే రెండు రోజులు బాగుంటుంది. కానీ వరస తప్పిన చైనుని బిగిస్తే అది వరసలోకి రాదు, వంకరగానే గట్టిగా నిలబడుతుంది. ఆ భారమంతా ఐడ్లర్ బేరింగుల మీద, స్ప్రాకెట్ ఇరుసు మీద, లోపలి ఉక్కు తాళ్ల మీద పడుతుంది. చేతికి పని చెప్పేస్తే మనసు కుదుటపడుతుంది మనకి. బోల్టుకి రెండు చుట్లు ఇవ్వడం 5 నిమిషాల పని, వరస చూడటం పూట పని. డ్రైవరు బోల్టు దగ్గరికే వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

కడగకముందు ఒక చూపు

బండి వర్క్‌షాపుకి రాగానే ప్రెషర్ పంపు పట్టుకొచ్చేస్తారు కుర్రాళ్లు. నేను ఆపుతాను. ఎండిన బురద మంచి సాక్షి. ఛాసిస్‌కి ఎక్కడైనా చైను రాసుకుంటుంటే అక్కడ బురద నిలవదు, ఇనుము అద్దంలా మెరుస్తుంది. ఆ మెరుపు బయటి వైపు ఉందా, ఇంజను వైపు ఉందా, ముందుందా, వెనకుందా అని సుద్దముక్కతో గుర్తు పెట్టుకోవాలి. రోలర్లలో ఒకటి తిరగడం మానేస్తే దాని మీద బురద పెచ్చులుగా అలాగే ఉంటుంది, ఒక్కచోట మాత్రం చైను ఒరుసుకుని చదునుగా అరిగి మెరుస్తూ ఉంటుంది. మిగతావన్నీ చుట్టూ నున్నగా ఉంటాయి. నీళ్లు కొట్టామా, ఆ తేడా సగం పోతుంది.

ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసి అప్పుడు కడగండి. కడగడం అంటే పైపైన కాదు. స్ప్రాకెట్ వెనక చుట్టుకున్న గడ్డి, రోలర్ల మధ్య దట్టించుకుపోయిన మట్టి, ఐడ్లర్ జారే గాడిలో ఇరుక్కున్న రాళ్లు అన్నీ బయటికి రావాలి. వరిగడ్డి, బురద కలిసి ఎండితే అదొక రకం సిమెంటు. అది రోలరుకీ చైనుకీ మధ్య చేరితే చైనుని పక్కకి నెడుతుంది, బిగువు లెక్కనీ తప్పిస్తుంది. నా దగ్గరికి "చైను దిగుతోంది" అని వచ్చిన బళ్లలో కొన్నిటికి నేను చేసిన వైద్యం కడగడమే. డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డాను కూడా.

కడిగాక చైను లోపలి పళ్ల మీద బొటనవేలు పెట్టి నిమరండి. కొత్త పంటికి రెండు ముఖాల మీదా అచ్చు గీత చేతికి తగులుతుంది. అరిగిన ముఖం మీద ఆ గీత ఉండదు, తడిసిన సబ్బు ముక్కలా నున్నగా జారుతుంది. చైను చుట్టూ ఒకే ముఖం నున్నబడి, రెండో ముఖం మీద అచ్చు గీత అలాగే ఉంటే చైను రోజంతా ఒకే వైపుకి ఒరుగుతోందన్నమాట. వరస తప్పింది. రెండు ముఖాలూ సమానంగా అరిగితే చైను వదులుగా అటూ ఇటూ కొట్టుకుంటోంది, లేదా రోలర్లలో ఆట ఎక్కువగా ఉంది. అరుగుదల చుట్టూ కాకుండా ఒక జానెడు మేర మాత్రమే ఉంటే బండిని వదిలేసి చైనుని చూడండి, అక్కడ లోపలి దిమ్మ వంగో విరిగో ఉంటుంది. ఇంత సమాచారం ఒక బొటనవేలికి అందుతుంటే పానా వైపు చూడటం ఎందుకో నాకు అర్థం కాదు.

బండి లాగుతోందా, చైను పాకుతోందా

ఓనర్లు రెండింటినీ కలిపేసి చెబుతారు. "ఎడమకి పోతోందండీ" అంటారు. ఏది పోతోంది? సిమెంటు కళ్లం లాంటి చదునైన నేల మీద 20 మీటర్లు తిన్నగా, నెమ్మదిగా నడిపించండి. స్టీరింగు ముట్టుకోవద్దు. బండి మొత్తం ఎడమకి వాలిపోతూ, చైను మాత్రం రోలర్ల మధ్యే ఉంటే అది చైను జబ్బు కాదు. ఒక వైపు బ్రేకు పట్టేస్తూ ఉండొచ్చు, క్లచ్ పూర్తిగా వదలకపోవచ్చు. హైడ్రాలిక్ మోటార్లతో నడిచే బళ్లలో ఒక వైపు పంపో మోటారో నీరసించి ఉండొచ్చు, కంట్రోల్ లివరు సెట్టింగు తప్పి ఉండొచ్చు. ఆ దారి వేరు.

బండి తిన్నగా పోతూ చైను పక్కకి పాకితే అది మన కేసు. అప్పుడు వెనక్కి కూడా నడిపి చూడండి. ముందుకి పోయినా వెనక్కి వచ్చినా ఒకే వైపు పాకితే ఏదో ఒక భాగం ఉన్నచోటు నుంచి పక్కకి జరిగి ఉండటానికి అవకాశం ఎక్కువ. ముందుకి పోతే ఒక వైపు, వెనక్కి వస్తే రెండో వైపు పాకుతుంటే ఏదో ఒక రోలరు మెలిక తిరిగి కూర్చుందని అనుమానించాలి. అనుమానం అని ఎందుకన్నానంటే, దీన్ని రుజువు చేసేది కొలతే గానీ కళ్లు కావు.

కొలత కోసం బండిని లేపాలి. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. లేపగానే కింద గట్టి చెక్క దిమ్మెలు పేర్చండి. ఇంజను ఆపి, తాళం చెవి మీ జేబులో వేసుకోండి, డ్రైవరు జేబులో కాదు. చైను గాల్లో తిప్పి చూడాల్సి వస్తే మనుషులందరూ దూరంగా నిలబడాలి. స్ప్రాకెట్‌కీ చైనుకీ మధ్య వేలు పడితే ఏం జరుగుతుందో నేను చూశాను, రాయను.

లేపాక చైను ఎంత కిందికి వేలాడుతోందో రెండు వైపులా ఒకే రోలరు దగ్గర కొలవండి. ఎంత ఉండాలన్నది ఒక్కో మోడలుకి ఒక్కో లెక్క, బండితో వచ్చిన పుస్తకంలో ఏ రోలరు దగ్గర కొలవాలో బొమ్మతో సహా ఉంటుంది. ఆ పుస్తకం సీటు కింద ప్లాస్టిక్ కవరులో సీలు విప్పకుండా ఉంటుంది, నాకు తెలుసు. చైనుని పావు చుట్టు, అర చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఒక్కో చోట ఒక్కో కొలత వస్తే చైను సమానంగా లేదు, లేదా స్ప్రాకెట్ గుండ్రంగా తిరగడం లేదు.

తర్వాత గునపం. ఐడ్లర్ కింద పెట్టి పైకి ఎత్తండి, పక్కకి నెట్టండి. రోలర్లన్నిటికీ అలాగే చేయండి. మంచి బేరింగు చేతికి ఏమీ చెప్పదు. పోయిన బేరింగు 'టక్' మంటుంది. రోలరు పక్కన నూనె చెమర్చి దాని మీద దుమ్ము అట్టకట్టి ఉంటే ఆయిల్ సీల్ పోయినట్టే, బేరింగు పోవడానికి ఎన్నాళ్లో పట్టదు. స్ప్రాకెట్ పళ్లు కొడవలి కొసల్లా ఒక వైపుకి వంగి అరిగాయేమో చూడండి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేయడమంటే ఆ చైను దిమ్మల్ని దానికి మేతగా వేయడమే.

దారం

వరస చూసేందుకు లేజర్లు వచ్చాయి. నేను మాత్రం తాపీ మేస్త్రీ దారమే వాడతాను. చైను తీసేసి, ఛాసిస్ పక్కన దానికి సమాంతరంగా, స్ప్రాకెట్ నుంచి ఐడ్లర్ దాకా దారం బిగించి కట్టండి. దారం దేన్నీ తాకకూడదు. ఇప్పుడు స్ప్రాకెట్, ఒక్కో రోలరు, ఐడ్లరు, వీటి బయటి అంచుకీ లోపలి అంచుకీ దారం నుంచి దూరం కొలిచి రెండింటినీ కూడి సగం చేయండి. ఆ వచ్చిన అంకె దాని నడిమి గీత. అంచు ఒక్కటే కొలిస్తే మోసపోతాం, ఎందుకంటే స్ప్రాకెట్ మందం వేరు, రోలరు వెడల్పు వేరు. ఐడ్లర్‌కి మాత్రం ముందు భాగంలో ఒకసారి, వెనక భాగంలో ఒకసారి కొలవాలి. రెండు అంకెలూ ఒకటైతే అది తిన్నగా ఉంది. తేడా వస్తే మెలిక తిరిగింది.

అంకెలన్నీ వరసగా నోటుపుస్తకంలో రాయండి. తలలో పెట్టుకుందామనుకుంటే ఆరో రోలరు దగ్గరికి వచ్చేసరికి రెండోది మర్చిపోతారు. అంకెలన్నీ దగ్గర దగ్గరగా ఉండి ఒక్కటి దూరంగా ఉంటే దొంగ దొరికినట్టే. మొదటి రోలరు నుంచి చివరి రోలరు దాకా అంకెలు మెట్లు మెట్లుగా పెరుగుతూ పోతే మాత్రం రెండింటిలో ఒకటి. దారం వంకరగా కట్టారు, లేదా చైను ఫ్రేమే వంగింది. ముందు దారాన్నే అనుమానించండి.

నా తప్పు

ఇప్పుడు ఆ అత్తిలి బండి సంగతి. ఓనరుగారు ఫోన్ చేసిన రాత్రే నేను వెళ్లాను. టార్చి లైటులో చూశాను. ఎడమ చైను పళ్లు లోపలి ముఖం మీద నున్నగా అరిగి ఉన్నాయి. చైనుకి మూడో సీజను. ఐడ్లర్‌లో ఆట లేదు. "చైను అయిపోయిందండీ, కొత్తది వేసేయండి" అన్నాను. అవతల తుపాను వార్తలు, ఇవతల 12 ఎకరాలు కోతకి ఒప్పుకున్నారు ఆయన. నేను దారం కట్టలేదు. ఆ తొందరే ఒక సాకుగా దొరికింది నాకు.

ఆయన ఎరువుల కొట్టు బాకీకని దాచుకున్న డబ్బుతో మర్నాడు మధ్యాహ్నానికి కొత్త చైను తెచ్చి వేయించారు. మూడు గంటలు కోసింది. డ్రైవరు ఫోన్ చేసి, "ఇది కూడా అటే పోతుందండీ" అన్నాడు. ఆ 'కూడా' అన్న మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆ రాత్రి చేయాల్సిన పని ఒకటుంది, చేసుంటే కొత్త చైను అక్కర్లేదని తేలిపోయేది. చైను తీసి, అదే వైపు, తిరగేసి వేయడం. అంటే లోపలి అంచు బయటికి, బయటి అంచు లోపలికి వచ్చేటట్టు. నలుగురు మనుషులుంటే రెండు గంటల పని. తిరగేసిన చైను ఇప్పుడు రెండో వైపు పాకిందా, జబ్బు చైనుదే, ఒక అంచున ఉక్కు తాళ్లు సాగి ఉంటాయి. మళ్లీ పాత వైపే పాకిందా, చైను నిర్దోషి, జబ్బు బండిది. బయటి గుబ్బలకి దిక్కు ఉండే రకం చైనైతే ఈ పరీక్ష చదును నేల మీద కాసేపే చేసి, తేలాక మళ్లీ సరిగా వేసుకోవాలి. కుడి చైను ఎడమకి, ఎడమది కుడికి మార్చి చూసినా ఇదే సంగతి తెలుస్తుంది, పని మాత్రం రెట్టింపు.

ఈ పరీక్ష నాకు తెలియక కాదు. పాతికేళ్లుగా కుర్రాళ్లకి చెబుతున్నదే. తెలిసిన సంగతి ఆ రోజు చేతుల్లోకి రాలేదు. అప్పటి నుంచి మా షెడ్డు గోడ మీద ఒక మాట రాయించాను: ఒకసారికి ఒక్క మార్పే. బిగువు మారిస్తే బిగువు ఒక్కటే మార్చి నడిపి చూడాలి. రోలరు మారిస్తే రోలరు ఒక్కటే. చైను, రోలరు, బిగువు మూడూ ఒకేసారి మార్చేస్తే బండి బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు, రెండో బండికి ఆ అనుభవం అక్కరకి రాదు.

మర్నాడు పొద్దున్నే దారం కట్టాం. స్ప్రాకెట్, రోలర్లు అన్నీ ఒకే అంకె దగ్గర తిరుగుతున్నాయి. వెనక ఐడ్లర్ 7 మిల్లీమీటర్లు ఇంజను వైపుకి ఉంది. ఐడ్లర్‌ని పట్టుకునే బ్రాకెట్ మీద పెయింటు గీకితే కింద పాత వెల్డింగు బయటపడింది. అంతకు ముందు దాళ్వాలో లారీ పలకల మీద నుంచి బండి ఒక వైపు జారిందట. బ్రాకెట్ పగిలితే దారిలో ఎక్కడో అతికించి, రంగు కొట్టి పంపించేశారు. అతికించినవాడు గట్టిగానే అతికించాడు. వరస చూడలేదు. నేనూ చూడలేదు కాబట్టి అతన్ని ఏమీ అనలేను.

డాలస్ నుంచి ఒక వీడియో కాల్

మా తమ్ముడి కొడుకు డాలస్ దగ్గర స్థలం కొన్నాడు. చదును చేసుకుందామని శనాదివారాలకి కాంపాక్ట్ ట్రాక్ లోడరు అద్దెకి తెచ్చుకున్నాడు. అక్కడ అలాంటి బండి ఎవరైనా అద్దెకి తెచ్చుకుని నడుపుకోవచ్చు. సగం పనిలో ఫోన్. "పెదనాన్నా, చైను ఒక పక్కకి వచ్చేసి ఛాసిస్‌కి గీసుకుంటోంది. వదులైనట్టుంది, బిగించనా?" గోదావరి ఒడ్డున పుట్టినవాడు ఎక్కడికి పోయినా మొదటి మాట అదే.

కెమెరా కిందికి పెట్టమన్నాను. నల్లటి జిగట మట్టి స్ప్రాకెట్ చుట్టూ ముద్దగా దట్టించి ఉంది. డాలస్ చుట్టుపక్కల నేల మన నల్లరేగడి లాంటిదే, తడిస్తే కాలికి చెప్పులా అంటుకుంటుంది. "ముందు అదంతా గీకెయ్యి" అన్నాను. గంట సేపు గీకాడు. చైను వరసలోకి వచ్చింది. మర్నాడు మళ్లీ అదే వైపు పాకిందని ఫోన్ చేశాడు. ఈసారి బండి ఎలా నడుపుతున్నాడో చూపించమన్నాను. ఒక చైను ముందుకీ ఒక చైను వెనక్కీ తిప్పుతూ ఉన్నచోటే గిరగిరా తిప్పుతున్నాడు, అది కూడా బకెట్ నిండా మట్టితో, వాలు మీద, రివర్సులో.

స్ప్రాకెట్ వెనకున్న బళ్లలో రివర్సు అంటే చైనుకి కష్టకాలం. ముందుకి పోయేటప్పుడు లాగుడు భారం నేల నుంచి స్ప్రాకెట్ దాకా ఉండే చిన్న ముక్క మీదే పడుతుంది. వెనక్కి వచ్చేటప్పుడు పై భాగమంతా బిగుసుకుని, ముందున్న ఐడ్లర్‌ని స్ప్రింగు మీదికి నొక్కుతుంది. ఆ బిగువులో పక్కకి తిప్పితే పళ్లు రోలరు అంచు ఎక్కుతాయి. మూడు దఫాలుగా, మెల్లగా, కాస్త ముందుకి పోతూ తిప్పమన్నాను. తర్వాత ఫోన్ రాలేదు. పని అయిపోయిందో, నా సలహా విసుగు పుట్టిందో మరి.

వాడికి ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాను, మీకూ చెబుతాను. కోత మిషన్లలో టెన్షన్ బోల్టుతో ఉంటుంది. లోడర్లలో, మినీ ఎక్స్‌కవేటర్లలో చాలావాటికి గ్రీజుతో ఉంటుంది. నిపుల్‌లోకి గ్రీజు కొడితే లోపలి సిలిండరు ఐడ్లర్‌ని ముందుకి తోస్తుంది. చైను వదులు చేయాలంటే వాల్వు విప్పాలి. ఆ గ్రీజు మామూలు ఒత్తిడిలో ఉండదు. వాల్వుని కొంచెం కొంచెంగా తిప్పాలి, పూర్తిగా ఊడదీయకూడదు, మొహం గానీ చెయ్యి గానీ దాని ఎదురుగా పెట్టకూడదు. గ్రీజు చర్మంలోకి దూసుకుపోతే పైకి సూదిపోటంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల మాంసం పాడైపోతూ ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి, గ్రీజు లోపలికి పోయిందని డాక్టరుకి స్పష్టంగా చెప్పాలి.

డ్రైవరు చేతుల్లో

వరస అంతా సరిగా ఉన్న బండి చైనుని కూడా ఒక్క సీజనులో పాడు చేయొచ్చు. గట్టు అడ్డంగా, తిన్నగా, నెమ్మదిగా దాటాలి. ఏటవాలుగా ఎక్కితే ఒక చైను గట్టు మీద, ఒకటి బోదెలో ఉండి, బండి బరువంతా ఒక వరస పళ్ల మీద పడుతుంది. లారీ పలకల మీద సగం దూరం ఎక్కాక దిద్దుకోవడం వద్దు. తేడాగా ఉంటే దిగి, మళ్లీ తిన్నగా పెట్టుకుని ఎక్కండి. తారు రోడ్డు మీద ఉన్నచోటే తిప్పకండి. బురదలో జారిపోయే చైను తారు మీద జారదు, ఆ పట్టుకి లోపలి పళ్లు మూలుగుతాయి.

ఇంకోటి ఎవరూ పట్టించుకోనిది. పొలం చుట్టూ ఒకే వరసలో తిరుగుతూ కోస్తాం కాబట్టి సీజనంతా మలుపులు దాదాపు ఒకే వైపు పడతాయి. దాంతో ఒక వైపు చైను ఎక్కువగా అరుగుతుంది. ఒక చైను రెండోదాని కన్నా ముందు అరిగిందని కంగారుపడి ఛాసిస్ విప్పేయకుండా, ముందు డ్రైవరుని ఎటు తిరుగుతున్నావని అడగండి. ఆ ప్రశ్న నిలదీసినట్టు కాకుండా అడగాలి. డ్రైవరు భయపడితే, లారీ పలకల మీద నుంచి బండి జారిన సంగతి మీకు చెప్పడు. అత్తిలి బండికి అదే జరిగింది. అది జారినప్పుడున్న డ్రైవరు వేరు, కోతలనాటికి మానేశాడు. ఓనరుగారికే ఆ సంగతి సగం తెలుసు, సగం తెలియదు.

బ్రాకెట్ పాత అతుకు కోయించి, దారం కట్టి వరస చూసి, ముందు రెండు చుక్కలు మాత్రం వెల్డింగు పెట్టించి, మళ్లీ కొలిచి, అప్పుడు పూర్తిగా అతికించాం. వేడికి ఇనుము లాగుతుంది కాబట్టి చల్లారాక ఇంకోసారి కొలిచాం. తేడా 1 మిల్లీమీటరు లోపు వచ్చింది. పాత చైనునే తిరగేసి వేశాను. అరగని ముఖం ఇప్పుడు రోలర్ల వైపు వచ్చింది. బోల్టు సగం పైగా వెనక్కి తిప్పి, పుస్తకంలో చెప్పిన వదులు ఉంచాను. తుపాను ఆంధ్రా తీరం తాకకుండా పక్కకి మళ్లింది. ఆ సార్వా, తర్వాత దాళ్వా ఆ చైనుతోనే కోశారు.

కొత్త చైను వాళ్ల పశువుల పాకలో, టార్పాలిన్ కప్పి, గోడకి ఆనించి ఉంది. అటుగా వెళ్లినప్పుడల్లా ఓనరుగారు కాఫీ ఇప్పించి, గ్లాసు చేతికిచ్చాక పాక వైపు చూపించి, "మీ చైను బాగానే ఉందండీ, ఎలకలు కొట్టకుండా చూసుకుంటున్నాం" అంటారు.